ల్యాప్‌టాప్‌లో ర్యామ్ పెంచే ముందు ఇవి చూసుకోండి

కాలేజీలు తెరిచే రోజులు. ర్యామ్ మీరే వేసుకుంటుంటే:

– ఛార్జర్ తీసి, ల్యాప్‌టాప్ అడుగు మూత తెరవగానే బ్యాటరీ కనెక్టర్ కూడా ఊడదీయండి. షట్‌డౌన్ చేసినా బోర్డులో కరెంటు ఉంటుంది; చిన్న స్క్రూ జారిపడినా మదర్‌బోర్డే పోవచ్చు.

– విశాఖ ద్వారకానగర్ షాపులకు వెళ్లి కొనేముందే ర్యామ్ గుచ్చే స్లాట్ ఉందో లేదో చూడండి. చాలా సన్నటి మోడళ్లలో చిప్‌లు బోర్డుకే అతికించి ఉంటాయి. డీడీఆర్4, డీడీఆర్5 అనేవి ర్యామ్‌లో వేర్వేరు తరాలు; డీడీఆర్4 స్లాట్‌లో డీడీఆర్5 దిగదు, గాడి చోటే వేరు. బలవంతంగా నొక్కొద్దు.

– ర్యామ్ అంచున ఉండే బంగారు రంగు కాంటాక్టులు తాకొద్దు. విశాఖ ఉక్కపోతలో చేతులకు చెమట ఎప్పుడూ ఉంటుంది.

– ఏటవాలుగా పూర్తిగా లోపలికి తోసి, ఆ తర్వాతే కిందికి నొక్కండి. రెండు పక్కలా క్లిప్పులు టక్కుమనాలి. స్క్రీన్ రాకపోతే ముందు అనుమానించాల్సింది ఇదే.

– డీడీఆర్5 అయితే మొదటిసారి కొన్ని నిమిషాలు స్క్రీన్ నల్లగా ఉండొచ్చు. టెన్షన్ పడి పవర్ బటన్ నొక్కేయకండి.

– పాత ర్యామ్ దాచండి. తేడా వస్తే తిరిగి వేసి చూడొచ్చు.