పాత కారులో ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ మొరాయిస్తే మాడ్యూల్ మార్చేముందు ఇవి కొలవండి

స్పార్క్ పుట్టించే కాయిల్‌కి కరెంటును కలిపి విడదీసే పాయింట్లు, వాటితోపాటుండే కండెన్సర్ తీసేసి, ప్లగ్‌లకు స్పార్క్ పంచే డిస్ట్రిబ్యూటర్‌లో ఆ పని చేసే ఎలక్ట్రానిక్ మాడ్యూల్ బిగించిన పాత కారు స్టార్ట్ కాకపోతే అనుమానమంతా మాడ్యూల్ మీదికే పోతుంది. చాలాసార్లు లోపం దానికి అందే కరెంటులోనో, ఎర్త్‌లోనో ఉంటుంది. కొత్తది కొనేముందు మల్టీమీటరు తీయండి. కింద చెప్పేదంతా నెగటివ్ ఎర్త్ కార్లకు, అంటే బ్యాటరీ నెగటివ్ బాడీకి కలిసి ఉన్నవాటికి. పాజిటివ్ ఎర్త్ ఉన్న పాత బ్రిటిష్ కార్లకు మాడ్యూలే వేరు. వైర్లు తారుమారైతే అది కాలిపోతుంది.

బ్యాటరీ 12.6 వోల్టుల దరిదాపుల్లో ఉండాలి. ఇగ్నిషన్ ఆపి, కాయిల్ నెగటివ్‌ను ఒక వైరుతో ఎర్త్‌కి కలపండి. ఇగ్నిషన్ ఆన్ చేసి, మాడ్యూల్‌కి కరెంటు తెచ్చే ఎర్రవైరు దగ్గర వోల్టేజి చూసి, కొన్ని సెకన్లలోనే ఆపేయండి. ఇలా ఎందుకంటే, కాయిల్‌లో కరెంటు పారకపోతే దారిలో రెసిస్టర్ ఉన్నా మీటరు 12 వోల్టులే చూపించి మోసం చేస్తుంది. బ్యాటరీ కంటే అర వోల్టుకు మించి తగ్గితే స్విచ్, ఫ్యూజు, కనెక్టర్లు చూడండి. 6 నుంచి 9 వోల్టులే వస్తే ఎర్రవైరును బ్యాలస్ట్ రెసిస్టర్ (కాయిల్‌కి వెళ్లే వోల్టేజిని తగ్గించేది) తర్వాత కలిపారన్నమాట. దాని ముందు నుంచి తీసుకోవాలి. కొన్ని కార్లలో ఆ రెసిస్టర్ పైకి కనబడదు, వైరింగ్‌లోనే రెసిస్టెన్స్ వైరుగా ఉంటుంది. ఎక్కువమంది బోల్తా పడేది ఇక్కడే.

తర్వాత కాయిల్. వైర్లు తీసేసి ప్లస్, మైనస్‌ల మధ్య కొలవండి. బ్యాలస్ట్ లేని మామూలు కాయిల్ 3 ఓమ్‌లు, బ్యాలస్ట్‌తో వాడేది 1.5 ఓమ్‌లు చూపిస్తుంది. బ్యాలస్ట్ లేకుండా 3 ఓమ్‌ల కాయిల్‌లో 4 ఆంపియర్లు పారితే 1.5 ఓమ్‌ల దాంట్లో 8 పారతాయి. మీ మాడ్యూల్ ఎంత తట్టుకుంటుందో దాని కాగితంలో చూడండి.

యాక్సిలరేటర్ తొక్కినప్పుడే మిస్సింగ్ (ఇంజన్ తడబడటం) వస్తోందా? డిస్ట్రిబ్యూటర్ క్యాప్ తీసి, వాక్యూమ్ గొట్టంలోని గాలిని చేతిపంపుతో లాగుతూ లోపల చూడండి. మాడ్యూల్ బిగించిన ప్లేటు తిరిగినప్పుడు వైర్లు బిగుసుకుంటున్నాయేమో, షాఫ్టుకు రాసుకుని తొడుగు అరిగిందేమో కనిపిస్తుంది. ప్లేటును బాడీకి కలిపే చిన్న అల్లిక వైరు తెగితే ఎర్త్ వస్తూ పోతూ ఉంటుంది. ప్లేటుకూ బ్యాటరీ నెగటివ్‌కూ మధ్య 0.2 ఓమ్‌లు దాటకూడదు.

వేగం పెంచితే మిస్సింగ్ రావడానికి ఇంకో కారణం రాగితీగ ప్లగ్ వైర్లు. వాటి రేడియో అలజడికి మాడ్యూల్ తికమకపడుతుంది. రెసిస్టెన్స్ ఉన్న వైర్లే వేయండి.

ఇప్పుడు మాడ్యూల్ సంగతి. టెస్ట్ ల్యాంపును బ్యాటరీ ప్లస్‌కూ కాయిల్ నెగటివ్‌కూ మధ్య పెట్టి సెల్ఫ్ కొట్టండి. మినుకుమినుకుమంటే మాడ్యూల్ పనిచేస్తున్నట్టే. అయినా స్పార్క్ లేకపోతే కాయిల్, రోటర్ (క్యాప్ లోపల తిరిగే ముక్క), క్యాప్ చూడండి. మినుకుమనకపోతే షాఫ్టు మీది అయస్కాంతపు రింగుకూ మాడ్యూల్‌కూ మధ్య ఖాళీని ప్లాస్టిక్ ఫీలర్ గేజ్‌తో సరిచూడండి. ఉక్కుది రింగుకు అతుక్కుంటుంది. ఖాళీ సరిగానే ఉంటే మాడ్యూల్ పోయినట్టే. ఇంజన్ ఆగి ఉండగా ఇగ్నిషన్ ఆన్‌లో వదిలేయడం దీనికి పెద్ద కారణం.

ఇంకా సందేహముంటే పాత పాయింట్లు, కండెన్సర్ బిగించి నడపండి. కాయిల్ 1.5 ఓమ్‌లదైతే బ్యాలస్ట్ మళ్లీ కలపాలి, లేకపోతే పాయింట్లు కాలిపోతాయి. ఏది మార్చినా స్ట్రోబ్ లైటుతో టైమింగ్ (స్పార్క్ పడే సమయం) కొత్తగా పెట్టుకోండి.