పాత టీవీ గేమ్‌ని బతికించాలంటే ముందు కరెంటు సంగతి చూడండి

అటక మీంచి పాత వీడియో గేమ్ దించగానే ఎవరైనా చేసే మొదటి పని, దాంతోపాటు వచ్చిన అడాప్టర్‌ని ప్లగ్గులో పెట్టి స్విచ్ వేయడం. ఆ ఒక్క పనీ చేయకండి. మిగతా ఏ రిపేరైనా తీరిగ్గా చేసుకోవచ్చు. చిప్ కాలిందంటే మాత్రం ఇక చేసేదేమీ లేదు.

నేను చెప్పేది తొంభైల్లో మన బజార్లలో దొరికిన గేముల గురించి. మారియో, కాంట్రా, పైన "9999999 ఇన్ 1" అని రాసుండే కాసెట్లు గుర్తున్నాయి కదా, అవే. ఇవన్నీ నింటెండో 1983లో జపాన్‌లో తెచ్చిన ఫ్యామికామ్‌కి నకళ్లు. కాసెట్‌కి 60 పిన్నులు, లోపల 5 వోల్టుల మీద నడిచే బోర్డు. అసలుకీ నకలుకీ అంతవరకూ ఒకటే. ఫ్యామికామ్‌లో ప్రాసెసర్, బొమ్మ గీసే చిప్ వేరువేరుగా ఉంటాయి. చవక నకళ్లలో మాత్రం అన్నీ ఒకే చిప్‌లో కుదించి, పైన నల్లటి ఎపాక్సీ ముద్ద వేసేశారు. ఆ ముద్దకి స్పేర్ దొరకదు. నా టెన్షనంతా దాని గురించే.

ముందు సామాను. 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్, 60/40 లెడ్ (కరిగించి అతికించే తీగ), అది బాగా అతుక్కునేలా చేసే ఫ్లక్స్, లెడ్ పీల్చే పంపు, ఒక మల్టీమీటర్, ఐసోప్రొపైల్ ఆల్కహాల్, దూది పుల్లలు. హైదరాబాద్ వాళ్లకి కోఠి గుజరాతీ గల్లీలో ఒక్క పూటలో అన్నీ దొరుకుతాయి. మా కాకినాడలో కొన్ని దొరుకుతాయి, కొన్నిటికి ఆన్‌లైనే గతి.

ఇప్పుడు అడాప్టర్ ఎందుకు వద్దన్నానో చెబుతాను. పాత అడాప్టర్ అంటే చిన్న ట్రాన్స్‌ఫార్మర్, డయోడ్లు, ఒక కెపాసిటర్, అంతే. పైన 9 వోల్టులని రాసున్నా లోడు లేనప్పుడు మీటర్ పెడితే 12, 13 కూడా చూపిస్తుంది. దాన్ని 5కి దించే బాధ్యత బోర్డు మీద 7805 అనే మూడు కాళ్ల రెగ్యులేటర్‌ది. అది మిగతా వోల్టేజీనంతా వేడి కింద తగలేస్తుంది. గేమ్ 300 మిల్లీ ఆంపియర్లు లాగుతోందనుకోండి. 9 వోల్టులిస్తే 1.2 వాట్ల వేడి, 12 ఇస్తే 2.1 వాట్లు. గంటసేపు ఆడితే పెట్టె అడుగు కాలిపోయేది ఇందుకే. ఏళ్ల తరబడి అలా ఉడికిన 7805 లోపల షార్టయితే, వచ్చిన 12 వోల్టులూ నేరుగా నల్ల ముద్దకి వెళ్తాయి.

కాబట్టి మూత తీసి ముందు 7805ని చూడండి. పేరున్న వైపు మీకు కనిపించేలా, కాళ్లు కిందికి ఉండేలా చూస్తే ఎడమది ఇన్‌పుట్, మధ్యది గ్రౌండ్, కుడిది అవుట్‌పుట్. పక్కనున్న ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ల (చిన్న గుండ్రటి డబ్బాల్లా ఉంటాయి) తల ఉబ్బినా, కింద జిగురులా కారినా మార్చేయండి. ఇన్‌పుట్ వైపు 25 వోల్టులది, అవుట్‌పుట్ వైపు 16 వోల్టులది వేస్తే చాలు. చార ఉన్న కాలు నెగటివ్, తిరగేయకండి.

తర్వాత పిన్ను సంగతి. ఫ్యామికామ్ అడాప్టర్‌కి పిన్ను మధ్యలో నెగటివ్. నకళ్లలో ఏది ఎటో నమ్మకం లేదు. కరెంటు లేకుండా మీటర్‌ని బీప్ మోడ్‌లో పెట్టి, ఒక కొన 7805 మధ్య కాలికి, ఇంకోటి సాకెట్ మధ్య పిన్నుకి, ఆ తర్వాత పక్క రేకుకి తాకించండి. ఏది కూస్తే అది నెగటివ్. ఏదీ కూయకపోతే దారిలో డయోడ్లు ఉన్నట్టు, బోర్డు మీది రాగి గీత (ట్రాక్) వెంట చూసుకుంటూ వెళ్లాల్సిందే. పోలారిటీ తేలాక 9 వోల్టుల మంచి స్విచింగ్ అడాప్టర్ (ఇప్పటి తేలికపాటి రకం, లోడు లేకున్నా వోల్టేజీ పెరగదు) పెట్టి, కాసెట్ లేకుండా ఆన్ చేసి, 7805 అవుట్‌పుట్ కొలవండి. 4.8కీ 5.2కీ మధ్య ఉంటే ప్రాణం ఉన్నట్టే.

ఇక్కడితో ఆగినా ఫరవాలేదు. నేనైతే ఇంకో అడుగు వేసి 7805నే పీకేస్తాను. ఇంట్లో ఫోన్ చార్జర్ 5 వోల్టులిస్తుంటే, 9 తెచ్చి 5కి దించడం దేనికి? యూఎస్‌బీ-సి సాకెట్ ఉన్న చిన్న బోర్డు తెచ్చుకోండి. దాని మీద 5.1 కిలో ఓమ్‌ల రెసిస్టర్లు రెండు ఉండాలి, లేకపోతే రెండు వైపులా సి ఉన్న కేబుల్‌తో చార్జర్ కరెంటే ఇవ్వదు. 9 వోల్టులు అడిగి తెచ్చే ట్రిగ్గర్ బోర్డులు మాత్రం దీనికి పనికిరావు.

చాలామంది 5 వోల్టుల వైరుని సూటిగా 7805 అవుట్‌పుట్ రంధ్రానికి అతికిస్తారు. గేమ్ ఆడుతుంది, కానీ స్విచ్ పనిచేయదు. ఎందుకంటే స్విచ్ సాధారణంగా 7805 కంటే ముందుంటుంది. దానికి బదులు పాత సాకెట్ ఉన్న చోటే కొత్తది కలిపి, 7805 తీసేసి, దాని మొదటి రంధ్రాన్నీ మూడో రంధ్రాన్నీ ఒక చిన్న వైరుతో కలపండి. మధ్యలో 1 ఆంపియర్ పాలీఫ్యూజ్ (కరెంటు మరీ ఎక్కువైతే తనంతట తానే అడ్డుకునే ఫ్యూజు) వేస్తే చార్జర్ ధాటికి బోర్డు మాడదు. పాత గుండ్రటి సాకెట్‌ని తప్పకుండా పీకేయండి. రేపు ఎవరో చుట్టాలబ్బాయి దాంట్లో 9 వోల్టులు గుచ్చాడా, ఆపడానికి 7805 లేదు. బొమ్మ మీద అలలు కదులుతుంటే చార్జర్ చవకది. మార్చి చూడండి.

రిమోట్ల పని దీనితో పోలిస్తే చాలా తేలిక. ఒక్క బటన్ పనిచేయకపోతే లోపలి రబ్బరు. అన్నీ పోతే వైరు. ఎనిమిది బటన్ల సంగతీ ఒకే డేటా వైరులో ఒకదాని వెనక ఒకటి వెళ్తుంది కాబట్టి అది తెగితే అన్నీ చచ్చినట్టే. వైరు తెగేది ఎక్కువగా రిమోట్‌లోకి దూరే మెడ దగ్గరే. అక్కడ కోసేసి, రంగులు ఫోటో తీసుకుని మళ్లీ అతికించండి. రబ్బరు కింది నల్ల కార్బన్‌ని ఆల్కహాల్‌తో సుతారంగా తుడవాలి. గీకితే ఊడొస్తుంది.

కాసెట్ని నోటితో ఊదే అలవాటు మనందరిదీ. ఊదినందుకు కాదు, తీసి మళ్లీ పెట్టినందుకు గేమ్ వచ్చేది. నోటి తడి రాగి మీద చిలుం పట్టిస్తుంది, మా సముద్రపు గాలికి అది ఇంకా తొందరగా పడుతుంది. పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది, ఆల్కహాల్ దూదితో తుడిచి, ఆరాక పెట్టండి. స్లాట్‌లోకి పలుచటి గుడ్డ చుట్టిన అట్ట ముక్కని దూర్చి తీస్తే లోపలి మురికి ఎంత నల్లగా వస్తుందో చూసి మీరే ఆశ్చర్యపోతారు. స్లాట్ పిన్నులు విరిగితే తప్ప దాన్ని మార్చే పని పెట్టుకోవద్దు. 60 పిన్నుల లెడ్ పీల్చేలోపు బోర్డు ట్రాకులు లేచొస్తాయి.

కొత్త టీవీకి ఏవీ (AV, ఆడియో-వీడియో) సాకెట్ ఉంటే పసుపు, తెలుపు పిన్నులు అందులోనే పెట్టేయండి. లేకపోతే AV నుంచి హెచ్‌డీఎంఐకి మార్చే చిన్న డబ్బా చాలు. మీ గేమ్‌కి యాంటెన్నా వైరు తప్ప AV సాకెట్ లేకపోతే, బొమ్మనీ శబ్దాన్నీ యాంటెన్నా సిగ్నల్‌గా మార్చే లోపలి రేకు డబ్బాలోకి వెళ్లే వీడియో, ఆడియో వైర్ల దగ్గరే సిగ్నల్ పట్టుకోవచ్చు. పసుపెక్కిన ప్లాస్టిక్‌ని పెరాక్సైడ్‌తో తెల్లబరిచే పద్ధతి ఒకటుంది, నాకు దాని మీద మోజు లేదు.

గేమ్‌తో వచ్చే తుపాకీ మాత్రం ఎల్‌ఈడీ టీవీ మీద పేలదు. అది పాడైపోలేదు, పారేయకండి. దాని లోపలి సర్క్యూట్ వెతికేది పాత డబ్బా టీవీ గీతలు గీసేటప్పుడు వచ్చే 15 కిలోహెర్ట్జ్ మినుకుని. తుపాకీ గేమ్‌లో బాతుల్ని కొట్టాలని ఉంటే, ఎవరైనా పాత టీవీ పాత సామాన్లవాడికి ఇచ్చేస్తుంటే అడిగి తెచ్చుకోండి. దాని మూత మాత్రం తీయకండి. ప్లగ్గు పీకినా పిక్చర్ ట్యూబ్‌లో వేల వోల్టులు మిగిలే ఉంటాయి.