స్కీయింగ్‌కి బ్యాగు తగిలించుకుని వెళ్ళాలా? సియాటిల్ వైపు కొత్తగా వచ్చినవాళ్ళకి

డిసెంబర్ వచ్చిందంటే చాలు, రెడ్మండ్, బెల్వ్యూ, బోథెల్ వైపు మన వాట్సాప్ గ్రూపుల్లో ఒకే రకం ప్రశ్నలు మొదలవుతాయి. జాకెట్ ఎక్కడ కొనాలి, స్కీ రిసార్టుల్లో స్నోక్వాల్మీ వెళ్ళాలా స్టీవెన్స్ పాస్ వెళ్ళాలా, ఆ వెంటనే బ్యాక్‌ప్యాక్ వేసుకుని స్కీ చేయొచ్చా అని. మొదటి సీజన్ వాళ్ళకైతే నేను వద్దనే చెప్తా. బ్యాగు తెచ్చుకోండి, కానీ అది లాడ్జి (కొండ కింద కూర్చోడానికి, తినడానికి ఉండే బిల్డింగు) వరకో కారు డిక్కీ వరకో ఉండాలి, స్లోప్ మీద మీ వీపున కాదు. జేబులు చాలు నిజంగా. స్నోక్వాల్మీని మనసులో పెట్టుకుని రాస్తున్నా, ఎందుకంటే మనవాళ్ళలో ఎక్కువమంది మొదట వెళ్ళేది అక్కడికే, బెల్వ్యూలో ఐ-90 హైవే ఎక్కితే ట్రాఫిక్ లేనప్పుడు గంటలోపు చేరిపోవచ్చు. మిగతా రిసార్టుల్లో కూడా పెద్ద తేడా ఏం ఉండదు.

బ్యాగుతో అసలు గొడవంతా చెయిర్‌లిఫ్ట్ దగ్గర. కొండ పైకి తీసుకెళ్ళే ఆ వేలాడే కుర్చీ మనం ఎక్కడానికని ఆగదు, వెనకనుంచి వచ్చి మోకాళ్ళ వెనక తగులుతుంది, మనం కూర్చుండిపోవాలి అంతే. వీపున బ్యాగుంటే వెనక్కి పూర్తిగా ఆనుకోలేం, సీటు అంచున సగమే కూర్చుంటాం, అప్పటికి కింద భూమి చాలా దూరంలో ఉంటుంది, పడిపోకుండా అడ్డంగా ఉండే బార్ కిందకి దించుకుందామంటే కొన్ని చెయిర్లకి ఆ బార్ కూడా ఉండదు. సరే ఎలాగోలా పైకి చేరారనుకోండి, అసలు ప్రమాదం దిగేటప్పుడు. వేలాడుతున్న పట్టీ, నడుం బెల్టు, జిప్పుకి కట్టిన తాడు ముక్క, వీటిల్లో ఏదైనా సీటు సందులో ఇరుక్కుందంటే మీరు లేచి ముందుకి జారతారు, బ్యాగు మాత్రం చెయిర్‌తో పాటు తిరిగి కిందకి బయల్దేరుతుంది, దాంతో పాటు మిమ్మల్నీ లాక్కుపోతుంది.

ఇదేదో భయపెట్టడానికి చెప్పట్లేదు. 2017 జనవరిలో కొలరాడోలో అరపాహో బేసిన్ అనే రిసార్ట్‌లో ఇలాగే ఒకాయన దిగబోతే బ్యాగు చెయిర్‌కి పట్టేసింది, పట్టీ మెడకి చుట్టుకుని మనిషి గాల్లో వేలాడి స్పృహ తప్పిపోయాడు. అదృష్టం బాగుండి ఆ రోజు అక్కడ మిక్కీ విల్సన్ అని ఒక కుర్రాడున్నాడు, తాడు మీద నడిచే ఆట, అదే స్లాక్‌లైనింగ్, అలవాటున్న మనిషి. లిఫ్ట్ టవర్ ఎక్కి కేబుల్ మీద పాక్కుంటూ ఆ చెయిర్ దాకా వెళ్ళాడు, కిందనుంచి స్కీ పెట్రోల్ వాళ్ళు, అంటే రిసార్ట్‌లో ప్రమాదాలు చూసుకునే సిబ్బంది, కత్తి విసిరితే అందుకుని పట్టీ కోసేశాడు. కింద పడ్డాయన బతికి బయటపడ్డాడు. అన్ని చోట్లా తాడు మీద నడిచేవాడు దొరకడు కదండీ.

కాబట్టి ఏ కారణంతో అయినా బ్యాగు ఉంచుకోవాల్సి వస్తే లైన్లో నిలబడినప్పుడే, అంటే మీ వంతు ఇంకా నాలుగైదు చెయిర్ల దూరంలో ఉండగానే, ఛాతీ క్లిప్పు, నడుం బెల్టు తీసేసి బ్యాగుని ముందుకి తిప్పి పొట్ట మీద వేసుకోండి లేదా ఒళ్ళో పెట్టుకునేలా చేత్తో పట్టుకోండి. పట్టీల కొసలు ఏవీ వేలాడకుండా లోపలికి దోపెయ్యాలి. చేతికర్రలు, అదే పోల్స్, రెండూ ఒక చేతిలోకి, వాటి లూపులు మణికట్టు నుంచి తీసేసి. దిగేచోట ఏదైనా పట్టేసినట్టు అనిపిస్తే సిగ్గుపడకుండా గట్టిగా అరవండి, అక్కడ ఆపరేటర్ ఉండేదే అందుకు, బటన్ నొక్కి ఆపేస్తాడు. దిగడం మిస్సయినా కంగారుపడి ఎత్తునుంచి దూకొద్దు, కొంచెం ముందుకెళ్ళాక ఒక సేఫ్టీ గేట్ ఉంటుంది, దానికి కాలు తగిలిందంటే లిఫ్ట్ దానంతటదే ఆగిపోతుంది.

రెండో కారణం పడటం. మొదటి రోజు పడతారు, అందరూ పడతారు, అందులో సగం వెనక్కే పడతారు. బ్యాగులో స్టీల్ ఫ్లాస్కో పెద్ద కెమెరానో ఉంటే అది నేరుగా వెన్నెముకకి తగులుతుంది. పడకపోయినా, కొత్తవాళ్ళకి భయంతో బరువు మడమల మీదకి పోవడం ఉన్న జబ్బే, ఇన్‌స్ట్రక్టర్ పొద్దుట్నుంచీ సాయంత్రం దాకా ముందుకి వంగు ముందుకి వంగు అని మొత్తుకుంటూనే ఉంటాడు, ఇంక వీపున నాలుగు కిలోలు కట్టుకుంటే వంగినట్టే. బరువు మాట వచ్చింది కాబట్టి ఇంకోటి, రెంటల్ ఫారంలో మీ బరువు, ఎత్తు, వయసు, ఎంత వచ్చు అనేవి అడుగుతారు, అవి చూసే బైండింగ్, అంటే బూటుని స్కీకి పట్టి ఉంచే క్లిప్పు, ఎంత బలానికి ఊడాలో సెట్ చేస్తారు. అక్కడ రాయాల్సింది పౌండ్లు. 70 కిలోలంటే 154 పౌండ్లు. మొహమాటపడి తగ్గించి రాస్తే ఊడకూడనప్పుడు స్కీ ఊడిపోతుంది, నాకు బాగానే వచ్చని కోతలు కోస్తే ఊడాల్సినప్పుడు ఊడక మోకాలు మెలిపడుతుంది.

చెయిర్‌లిఫ్ట్ ఎక్కం, మేజిక్ కార్పెట్ మీదే ఉంటాం అంటారా, సంతోషం, మొదటి రోజుకి అదే కరెక్ట్. అక్కడా వేలాడేవి ఏవీ ఉండకూడదు, ఎయిర్‌పోర్ట్‌లో నడిచే బెల్టు లాంటిదే కదా అది. మఫ్లర్, చున్నీ వద్దు, వాటి బదులు మెడకి గొట్టంలా తొడుక్కునే నెక్ గెయిటర్ కొనుక్కోండి. పొడుగు జడ ఉన్నవాళ్ళు జాకెట్ లోపలికి వేసేసుకోవాలి. పెద్ద రింగులు, మెడలో గొలుసులు ఇంట్లో పెట్టి రావడమే మంచిది. మంకీ క్యాప్ మీద హెల్మెట్ సరిగ్గా కూర్చోదు, హెల్మెట్ లోపల పల్చటి టోపీ ఒకటి చాలు లేదా అదీ అక్కర్లేదు.

ఇంక జేబుల సంగతి. స్కీ జాకెట్‌కి ఎడమ చేతి మీదో ఎడమ పక్క ఛాతీ దగ్గరో చిన్న జిప్పు జేబు ఒకటి ఉంటుంది, అది లిఫ్ట్ కార్డుకే. గేటు దగ్గర స్కాన్ అయ్యే రకం కార్డయితే ఆ జేబులో అది ఒక్కటే ఉండాలి, పక్కన ఫోన్, కారు కీ, చాక్లెట్ రేపర్ ఉంటే గేటు తెరుచుకోదు, వెనక ఇరవై మంది చూస్తుండగా మీరు ఎడమ పక్కకి ఒరిగి గేటుని రుద్దుతూ ఉంటారు. ఫోన్ లోపలి జేబులో ఒంటికి దగ్గరగా పెట్టుకోండి, చలికి బ్యాటరీ టపీమని పడిపోతుంది, బయటి జేబులో ఉంటే 40 శాతం చూపిస్తూనే ఆగిపోవచ్చు. రిసార్ట్ స్కీ పెట్రోల్ నంబర్ వెళ్ళే ముందే సేవ్ చేసుకోండి. ఎవరికైనా దెబ్బ తగిలితే వాళ్ళకి కాస్త పైన, మంచులో రెండు స్కీలు ఇంటూ గుర్తులా పాతాలి, పైనుంచి వచ్చేవాళ్ళకి అది ఇక్కడ దెబ్బ తగిలినవాళ్ళున్నారు, జాగ్రత్త అని సంకేతం.

కారు కీ జిప్పున్న జేబులో, మాటిమాటికీ తెరవని జేబులో. మంచులో పడితే దొరకదు. డ్రైవింగ్ లైసెన్స్, ఒక క్రెడిట్ కార్డు జేబులో, ఇన్సూరెన్స్ కార్డు ఫోటో ఫోన్లో, పర్సు మొత్తం మోసుకెళ్ళక్కర్లా. లిప్ బామ్, చిన్న సన్‌స్క్రీన్ ట్యూబు తప్పకుండా. మనకెందుకులే మనం నల్లగానే ఉంటాం కదా అనుకోకండి, ఎత్తుకి వెళ్ళేకొద్దీ ప్రతి 1000 మీటర్లకీ యూవీ సుమారు 10 శాతం పెరుగుతుంది, దానికి తోడు కొత్త మంచు 80 శాతం దాకా ఆ కిరణాల్ని తిప్పి మొహం మీదకే కొడుతుంది, అందుకే గడ్డం కింద, ముక్కు రంధ్రాల దగ్గర కూడా మాడుతుంది. మబ్బు పట్టినా గాగుల్స్ తీయొద్దు. రెండు టిష్యూలు, ముక్కు కారుతూనే ఉంటుంది. తినడానికి ఖర్జూరాలు బెస్ట్, చలికి గట్టిపడినా నమలొచ్చు, అమ్మ పంపిన పల్లీ చిక్కీ, నువ్వుండలు లాడ్జిలో వెచ్చబడ్డాక తినండి, లిఫ్ట్ మీద కొరికితే పన్ను ఊడొస్తుంది. హ్యాండ్ వార్మర్లు ఒక జత. వాటిల్లో ఉండేది ఇనప పొడి, గాలి తగిలి తుప్పు పట్టేటప్పుడు వేడి వస్తుంది, కాబట్టి కవర్ చింపి కాసేపు గాలికి ఉంచి తర్వాత గ్లోవ్‌లో పెట్టాలి, చర్మానికి నేరుగా ఆనించొద్దు. నీళ్ళు కావాలంటే మడతపెట్టే చిన్న మెత్తటి బాటిల్ జేబులో పట్టేస్తుంది, లేదంటే ప్రతి గంటన్నరకీ లాడ్జికి వచ్చి తాగండి, ఎలాగూ కాళ్ళు అడుగుతాయి.

ఆస్తమా ఇన్‌హేలర్, అలర్జీ ఇంజెక్షన్, షుగర్ ఉన్నవాళ్ళకి గ్లూకోజ్ బిళ్ళలు, ఇవి మాత్రం లాడ్జి బ్యాగులో కాదు, ఒంటి మీదే, లోపలి జేబులో. ఇన్సులిన్ గడ్డకడితే పనికిరాదు, అందుకని కారులో వదిలెయ్యకండి.

ఇప్పుడు కింద ఉండే బ్యాగు. మన బ్యాచుల్లో ఎప్పుడూ ఒకడు బలవుతాడు, అందరి గ్లోవులు, పిల్లల జ్యూస్ డబ్బాలు, డైపర్లు, స్వెటర్లు వాడి వీపునే ఉంటాయి, వాడు నేర్చుకునేదేం ఉండదు. అలా కాకుండా ఇంటికో బ్యాగు సర్దుకుని లాడ్జిలో పెట్టుకోండి. డబ్బు కట్టే లాకర్లుంటే తీసుకోండి, వీకెండ్లలో పొద్దున్నే నిండిపోతాయి. ఊరినుంచి అమ్మానాన్నలు వచ్చి ఉంటే వాళ్ళు కిటికీ పక్కన కూర్చుని మనవల్ని చూస్తూ బ్యాగులు కూడా కనిపెట్టుకుని ఉంటారు, కాకపోతే ఆరుగురి టేబుల్ ఒక్కళ్ళు నాలుగు గంటలు ఆపితే పక్కవాళ్ళకి ఒళ్ళు మండుతుంది, అది చూసుకోండి. లాప్‌టాప్ తీసుకురాకండి, కారు సీట్లో కనపడేలా అసలే వదలకండి.

ఆ బ్యాగులో అన్నిటికన్నా ముఖ్యమైంది రెండో జత గ్లోవ్స్. స్నోక్వాల్మీ పాస్, అంటే ఆ కొండల మధ్య దారి, ఎత్తు 3,022 అడుగులే, చాలా రోజులు అక్కడ పడేది పొడి మంచు కాదు, తడి మంచు, ఒక్కోసారి ఏకంగా వానే, ఇక్కడివాళ్ళు ఆ బరువు మంచుని క్యాస్కేడ్ కాంక్రీట్ అని ముద్దుగా పిలుస్తారు. ఉన్ని గ్లోవులయితే పది నిమిషాల్లో పిండుకోవాల్సిందే. జీన్స్ కూడా అంతే, కాటన్ తడిస్తే ఆరదు, మంచులో కూర్చుని లేచాక ఇంక ఆ రోజు అయిపోయినట్టే. లోపల పాలిస్టర్‌దో మెరినో ఉన్నిదో ఒంటికి పట్టే బనీను, దాని మీద ఫ్లీస్, పైన నీళ్ళు దిగని జాకెట్, ప్యాంటు, ఈ పద్ధతిలో వెళ్ళండి. కొత్తవి కొనక్కర్లేదు, ముందు స్నేహితుల్ని అడగండి, ఈ ఊళ్ళో ప్రతి తెలుగింటి క్లోజెట్‌లో ఒకసారి వేసి వదిలేసిన స్కీ ప్యాంటు ఒకటి ఉంటుంది. సాక్స్ మాత్రం ఒక్క జతే వేసుకోవాలి, పల్చగా మోకాలి దాకా వచ్చేవి, రెండు జతలేస్తే బూటు లోపల మడతలు పడి రక్తం ఆడక కాళ్ళు ఇంకా చల్లబడతాయి. ఇంటికెళ్ళేటప్పుడు మార్చుకోవడానికి పొడి సాక్స్ ఇంకో జత, మామూలు బూట్లు. తిండికి పులిహోర, చల్లగా అయినా బాగుంటుంది, ఫ్లాస్కులో టీ. బయటి తిండి తెచ్చుకునేవాళ్ళకి కొన్ని లాడ్జిల్లో వేరే చోటు ఉంటుంది, బోర్డు చూసి కూర్చోండి.

పిల్లల్ని స్కీ స్కూల్లో వేస్తుంటే వాళ్ళకి బ్యాగు అస్సలు వద్దు, ఎంత బుజ్జిగా ఉన్నా సరే, వాళ్ళు తేలికగా ఉంటారు, చెయిర్‌కి పట్టేస్తే విడిపించుకునే బలం ఉండదు. జాకెట్ జేబులో మీ పేరు, ఫోన్ నంబర్ రాసిన చీటీ పెట్టండి.

మరి స్లోప్ మీద బ్యాగులతో తిరిగేవాళ్ళు చాలామంది కనపడతారు కదా అంటే, ఉంటారు. బ్లూ రన్లు, అంటే మధ్యరకం కష్టమున్న స్లోపులు, ధైర్యంగా దిగుతూ రోజంతా కిందకి రాకుండా తిరగాలనుకునేవాళ్ళకి 15 నుంచి 20 లీటర్ల చిన్న స్కీ బ్యాగు సరిపోతుంది, ఒంటికి అతుక్కుని ఊగకుండా ఉండాలి, ఆఫీసు బ్యాక్‌ప్యాక్ దానికి పనికిరాదు. ఇంక రిసార్ట్ హద్దు దాటి బ్యాక్‌కంట్రీలోకి వెళ్ళేవాళ్ళ లెక్క వేరు, వాళ్ళకి ఒంటి మీద అవలాంచ్ బీకన్ (మంచు చరియల కింద పడితే ఎక్కడున్నారో సిగ్నల్ ఇచ్చే పరికరం), బ్యాగులో పార, ప్రోబ్ (మంచులోకి గుచ్చి మనిషిని వెతికే పొడుగు కడ్డీ) లేకుండా కదలకూడదు, అవి వాడటం కూడా క్లాసులో నేర్చుకుని ఉండాలి. వాళ్ళని చూసి మనం బ్యాగు కట్టుకోవడం ఎందుకు.

కారులో ఉండాల్సినవి మర్చిపోకండి. పాస్ మీద టైర్లకి చెయిన్లు కంపల్సరీ అని బోర్డు పెట్టినప్పుడు లేకుండా వెళ్తే 500 డాలర్ల దాకా ఫైన్, ఆల్ వీల్ డ్రైవ్ ఉన్నవాళ్ళు తొడగక్కర్లేదు కానీ చెయిన్లు డిక్కీలో ఉండాలి. ఒకసారి ఇంటి ముందే, పొడి నేల మీద, తొడిగి చూసుకోండి. మంచు ఎక్కువైనా యాక్సిడెంట్లయినా ఐ-90 మూసేస్తారు, గంటలు గంటలు ఆగిపోవాల్సి రావచ్చు, కాబట్టి ఒక దుప్పటి, నీళ్ళు, ఫోన్ ఛార్జర్, టార్చి, నిండా పెట్రోలు. అమ్మానాన్నలకి తీసుకున్న విజిటర్ ఇన్సూరెన్స్‌లో స్కీయింగ్ చాలాసార్లు కవర్ కాదు, నాన్నగారు సరదాపడి స్కీలు తొడుగుతానంటే పాలసీ చదివాకే తొడగండి, స్లెడ్డింగ్, అంటే పలక మీద కూర్చుని మంచులో జారడం, చాలంటే పక్కనే హ్యాక్‌లో స్నో-పార్క్ ఉంది, దానికి పర్మిట్ కొనుక్కోవాలి.