పసిపిల్లలకు చెక్క దిమ్మెలు: ఎంపిక, ఆడించే తీరు

మొదట కొనవలసినవి రంగురంగుల కోటల సెట్లు కావు. ఒకే కొలతకు కోసి, అంచులు నున్నగా రుద్దిన సాదా చెక్క దిమ్మెలు పది పన్నెండు చాలు. మూడేళ్లలోపు పిల్లలు ప్రతిదీ నోట పెట్టుకుంటారు కనుక, ఏ ముక్కా 4 సెంటీమీటర్లకు తగ్గకుండా, రంగు పెచ్చులూడకుండా ఉండాలి. దుకాణంలో కొంటే ఐఎస్‌ఐ గుర్తు చూడండి. అంకుడు కర్రపై లక్క పూసిన ఏటికొప్పాక బొమ్మలు చేతికి ఎంతో హాయిగా ఉంటాయి కానీ, ఎక్కువగా గుండ్రనివి కావడంతో పేర్చడానికి అంతగా కుదరవు.

వడ్రంగి చేత చేయించదలిస్తే, మందానికి రెట్టింపు వెడల్పు, వెడల్పుకు రెట్టింపు పొడవు ఉండేలా కోయించి, కొన్నింటిని సగానికి చేయించండి. రెండు సగాలు కలిస్తే ఒక నిండు దిమ్మె అవుతుందన్న సంగతి, లెక్కలు చెప్పకముందే, పిల్లల చేతికి తెలుస్తుంది. ఈ కొలతల వరసే నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యం.

పరుపు మీద కాదు, గట్టి నేల మీద ఆడించండి. సుమారుగా ఏడాదిన్నరకు మూడు నాలుగు, రెండేళ్లకు ఆరు దిమ్మెలు నిలబెడతారు. మూడేళ్ల ప్రాంతంలో రెండింటిపై ఒకటి పెట్టి వంతెన కడతారు. కొందరికి ఇంకాస్త సమయం పడుతుంది. అంతకుముందు కూలగొట్టడమే ఆట, దాన్ని ఆపకండి. మీరే కట్టి చూపించే బదులు, "పెద్దది కింద పెడితే ఏమవుతుంది?" అని అడిగి, జవాబు కోసం ఆగండి.

దిమ్మెలను నీళ్లలో నానబెట్టకుండా, తడిగుడ్డతో తుడిచి నీడలో ఆరబెట్టండి.