అంకెలు కలవని రక్తపోటు

మొదటి ఏడాది నర్సింగ్ విద్యార్థినులు ఒకే వ్యక్తికి తీసిన రక్తపోటు కొలతలు ఒకదానితో ఒకటి కలవకపోవడం, పైగా చాలావరకు 120/80కి అనుమానాస్పదంగా దగ్గరగా ఉండటం చూశాక, శబ్దం వినకుండానే అంకె రాస్తున్నారని నాకు అర్థమైంది. మందలించడం కంటే స్టెతస్కోపును కొంతకాలం పక్కన పెట్టించడమే మేలనిపించింది. ముందుగా మణికట్టు నాడిని వేళ్లతో పట్టుకొని, మోచేతికి పైన చుట్టే పట్టీ అయిన కఫ్‌లో గాలి నింపుతూ నాడి అందకుండా పోయే అంకెను గుర్తించడం, గాలి పూర్తిగా వదిలి కాసేపు ఆగడం, ఆపై ఆ అంకెకు 30 మి.మీ. (పాదరసం కొలతలో) పైదాకా నింపి సెకనుకు 2 నుంచి 3 మి.మీ. చొప్పున దించడం అలవాటు చేయించాను. కొందరిలో శబ్దాలు మధ్యలో మాయమై మళ్లీ వినిపిస్తాయి కాబట్టి, నాడి చూడకుండా అంచనాతో గాలి నింపితే పై అంకె తక్కువగా నమోదయ్యే ప్రమాదం ఉంది.

తర్వాత ఇద్దరూ ఒకేసారి వినగలిగే బోధనా స్టెతస్కోపుతో నేనూ విద్యార్థినీ కలిసి విని, అంకెలను విడివిడిగా రాసి పోల్చుకున్నాం. బొమ్మ చేతిపై ఎంత సాధన చేసినా, నా దృష్టిలో, దీనికి సాటిరాదు. అప్పటికీ తేడా మిగిలిన చోట లోపం చెవిది కాదు, కఫ్‌ది. లోపలి గాలిసంచి పొడవు చేతి చుట్టుకొలతలో సుమారు 80 శాతం ఉండాలి. సన్నని చేతులకు పెద్ద కఫ్ చుట్టడం వల్ల అంకె తగ్గేది. ఇప్పుడు ట్రేలో చిన్న కఫ్ కూడా ఉంటోంది.