లబ్బక్ ఎర్రమట్టిలో గోంగూర వేసేముందు మట్టిని ఎలా చూసుకోవాలి?

టెక్సాస్‌లోని లబ్బక్ వచ్చిన కొత్తలో ఇంటి వెనక ఎర్రమట్టి చూసి అచ్చం మా అనంతపురం చేనులా ఉందే అని తెగ సంబరపడిపోయా. రంగు ఒకటే గానీ లోపల కథ వేరు, అది తెలిసేసరికి రెండు సీజన్ల గోంగూర పోయింది. టెక్సాస్‌లో ఈ సౌత్ ప్లెయిన్స్ వైపు చదువుకో ఉద్యోగానికో వచ్చి, పెరట్లో నాలుగు మొక్కలు వేద్దాం అనుకునేవాళ్ళు విత్తనాల కంటే ముందు మట్టి సంగతి చూసుకోండి.

మొదట వెబ్ సాయిల్ సర్వే అని అమెరికా వ్యవసాయ శాఖ వాళ్ళ ఫ్రీ సైట్ ఉంది, అందులో మీ అడ్రస్ కొట్టి స్థలం చుట్టూ గీత గీస్తే మట్టి పేరు వస్తుంది. లబ్బక్ కౌంటీలో ఎక్కువగా అమరిల్లో, ఎకఫ్ అనే పేర్లు కనిపిస్తాయి. పైన ఇసుక కలిసిన ఎర్ర గరపనేల, కిందికి పోయేకొద్దీ బంక ఎక్కువ, ఇంకా కిందికి పోతే తెల్లటి సున్నపు పొర, దాన్నే ఇక్కడోళ్ళు కలీచీ అంటారు. ప్లాయా అనే గుండ్రటి గుంటల్లో మాత్రం మన నల్లరేగడి లాంటి బంకమట్టి, ఎండితే నోళ్ళు తెరుస్తుంది. కొత్త కాలనీల్లో ఈ మ్యాప్‌ని పూర్తిగా నమ్మొద్దు, ఇల్లు కట్టేటప్పుడు పైమట్టి లాగేసి అడుగుమట్టి పరిచేసి ఉంటారు.

అందుకే తవ్వి చూడాలి. గడ్డపార దించేముందు 811కి ఫోన్ చేయండి, గ్యాస్, కరెంటు లైన్లు ఎక్కడున్నాయో గుర్తులు పెట్టిపోతారు, డబ్బులేం తీసుకోరు. రెండడుగులు తవ్వాక తెల్ల గడ్డలు తగిలితే ఒకదాని మీద వంటింట్లో వెనిగర్ చుక్క వేయండి. సోడా మూత తీసినట్టు బుసబుస పొంగితే అది సున్నమే. నేను వేస్తే మా పాప మళ్ళీ మళ్ళీ అని సీసా సగం ఖాళీ చేయించింది. ఆ గోతినే నీళ్ళతో నింపి ఇంకనిచ్చి ఇంకోసారి నింపండి, పొద్దున్నకి కూడా నిలిచే ఉంటే కింద గట్టి పొర ఉన్నట్టు, అప్పుడు అక్కడ తవ్వుకుంటూ కూర్చోకుండా చెక్కలతో ఎత్తు మడి కట్టుకోవడమే మేలు.

ఇంక ల్యాబ్ టెస్ట్. పది పన్నెండు చోట్ల ఆరంగుళాల లోతు మట్టి తీసి బకెట్లో కలిపి, అందులోంచి కొంచెం టెక్సాస్ ఏ అండ్ ఎమ్ యూనివర్సిటీ వ్యవసాయ విభాగం అగ్రిలైఫ్ వాళ్ళ ల్యాబ్‌కి పోస్టులో పంపాలి. రిపోర్టులో ముందు పీహెచ్, అంటే మట్టి పులుపో క్షారమో చెప్పే అంకె, చూడండి, 7 దాటితే క్షారం, ఈ ఏరియాలో మామూలుగా 7.5 పైనే, 8 దాటినా ఆశ్చర్యం లేదు.

నేను దెబ్బతిన్నది సరిగ్గా ఇక్కడే. మా ఊళ్ళో పొయ్యి బూడిద దిబ్బలోకి, దిబ్బలోంచి చేనుకి పోతుంది కదా, అదే అలవాటులో గ్రిల్‌లో మిగిలిన కట్టెల బూడిదంతా మడిలో పోశా. బూడిద పీహెచ్‌ని ఇంకా పెంచుతుంది. లేతాకులు పసుపు తిరిగాయి, ఈనెలు మాత్రం పచ్చగా వల వేసినట్టు కనపడుతున్నాయి. అది ఇనుము లోపం. మట్టి ఎర్రగా ఉండేదే ఇనుము వల్ల, అయినా అంత పీహెచ్‌లో అది వేరుకి అందదు. కాబట్టి బూడిద, సున్నం అస్సలు వద్దు. గంధకం వేస్తే పీహెచ్ తగ్గుతుందంటారు గానీ మట్టిలో సున్నం ఉన్నంతకాలం ఎంత వేసినా దాన్ని కరిగించడానికే సరిపోతుంది. ఇనుము మందు కొనేటప్పుడు ప్యాకెట్ మీద ఈడీడీహెచ్‌ఏ (ఇనుముని వేరుకి అందేలా పట్టి ఉంచే రసాయనం) అని ఉందో లేదో చూడండి, ఈడీటీఏ రకం ఈ మట్టిలో పెద్దగా పనిచేయదు.

అసలు మందు కంపోస్టే. చుట్టూ పత్తి చేలే కాబట్టి జిన్నింగ్ మిల్లుల్లో మిగిలే కాయ తొక్కలతో చేసిన కాటన్ బర్ కంపోస్ట్ ఇక్కడ బాగా దొరుకుతుంది, రెండు మూడంగుళాల మందాన పరిచి పై ఆరంగుళాల్లో కలిపేయండి.

నీళ్ళ సంగతికొస్తే ఏడాదికి వాన 18, 19 అంగుళాలే, అనంతపురం కంటే తక్కువ, గాలి మాత్రం బాగా ఎక్కువ. రోజూ పైపైన చల్లొద్దు, రెండు మూడు రోజులకోసారి వేరు దాకా దిగేట్టు డ్రిప్ పెట్టి, మట్టి కనపడకుండా పైన గడ్డి కప్పండి. మడి పడమటి ఫెన్సింగ్ చాటున ఉంటే మార్చి, ఏప్రిల్ దుమ్ముగాలి నుంచి కాస్త కాపుదల. 3,200 అడుగుల ఎత్తు కదా, ఏప్రిల్ మధ్య దాకా మంచు పడే ప్రమాదం ఉంది, గోంగూర ఆ నెలాఖరుకో మేలోనో వేయండి. మే, జూన్‌లో వడగళ్ళు పడతాయి, ఖాళీ బకెట్లు దగ్గర పెట్టుకుంటే మబ్బు పట్టగానే బోర్లించొచ్చు.

అక్టోబర్ చివరికొచ్చాక వెదర్ యాప్ చూస్తూ ఉండండి. రాత్రికి 32 డిగ్రీల ఫారెన్‌హీట్ అని కనపడిందా, ఆ సాయంత్రమే ఆకంతా కోసేసి పచ్చడి పెట్టేయండి, పొద్దున్నకి నల్లగా వాలిపోయి ఉంటుంది.