పండక్కి పూరీలు వేసే ముందు ఇవి చూసుకోండి

ఇంటికి చుట్టాలొచ్చే రోజుల్లో పొద్దున్నే పూరీ, బంగాళదుంప కూరే కదా. పొయ్యి వెలిగించే ముందు ఇవి చూసుకోండి.

మూకుడు తడి లేకుండా తుడిచి, నూనె సగానికి మించకుండా పోయండి. చుక్క నీరున్నా చిట్లి మొహం మీదకొస్తుంది. నూనె అంటుకుంటే నీళ్లు అస్సలు పోయొద్దు, మంట ఎగిసిపడుతుంది, స్టవ్ ఆపేసి మూత పెట్టేయండి. ఆ మూత ముందే చేతికందేలా ఉంచుకోండి, పిల్లల్ని వంటింట్లోకి రానివ్వకండి.

పిండి చపాతీ పిండికన్నా గట్టిగా కలపాలి, జారుగా ఉంటే పూరీ నూనె పీల్చేస్తుంది. చెంచాడు బొంబాయి రవ్వ వేస్తే కాస్త కరకరలాడుతుంది, నేనైతే తప్పకుండా వేస్తాను. పావుగంట నానితే చాలు.

వత్తేటప్పుడు పొడిపిండి వద్దు, అది నూనె అడుగున మాడి తర్వాతి పూరీలన్నిటికీ నల్లగా అంటుకుంటుంది. పీటకి రెండు చుక్కల నూనె రాయండి.

మరీ పల్చగా వత్తకండి, అప్పడంలా గట్టిపడతాయి.

వత్తినవి ఫ్యాన్ కింద వదిలేయొద్దు, ఆరితే పొంగవు.

చిటికెడు పిండి వేస్తే వెంటనే పైకి తేలాలి, అప్పుడే మొదటి పూరీ వేయండి.